గాలికెదురు నిలిచే పిట్టలు

"పోయినాయన ఫొటోలు వెనకగోడకి, మీ ఫొటో గుమ్మానికెదురుగా. నేనైతే ఈ ఒక్క ఏడాదికైనా ఆయన్ని ముందు నిలబెట్టేదాన్ని, ప్రెసిడెంట్ గారూ."

ఎగ్జిబిషన్ హాల్లో అడుగుపెడుతూనే ఉడుం అన్న మొదటి మాట ఇది. నమస్కారం ఆ తర్వాత పెట్టింది. మర్యాద తెలియక కాదు. ముందు నమస్కారం అందుకున్న మనిషి హాయిగా సర్దుకుని కూర్చుంటాడు. ముందు చురక తగిలినవాడికి మొహం సర్దుకోడానికి కాస్త టైం పడుతుంది. ఆ కాస్త టైంలో చూడాల్సింది చూసేయాలి. ఇన్నేళ్ళుగా ఆవిడకి అన్నం పెడుతున్నది ఆ విద్యే.

ఉడుం ప్రైవేట్ డిటెక్టివ్. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ దాన్ని వాడే నాథుడు లేడు. పట్టుకుంటే వదలదని పోలీసు స్టేషన్లో ఎవరో వెటకారంగా అంటించిన పేరు ఇది. చెవిన పడ్డ మర్నాడే ఆవిడ దాన్నే ఆఫీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించేసింది. వెటకారం చేసినవాళ్ళు ఇప్పుడు ఆ బోర్డు కిందనుంచే తలొంచుకుని వెళ్తుంటారు.

ప్రెసిడెంట్ నిచ్చెన దిగాడు. ఊళ్ళో పెద్ద కళ్ళద్దాల షాపు ఆయనది. మనిషి నున్నగా ఉంటాడు, మాట ఇంకా నున్నగా ఉంటుంది. పిట్టల ఫొటోలు తీసేవాళ్ళ క్లబ్బుకి ఆయన ప్రెసిడెంట్. ఆ క్లబ్బులో ఎవరికీ ఫొటోలు వృత్తి కాదు. వారమంతా ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకుని, సెలవు దొరికితే చీకటితోనే లేచి, సముద్రపు ఒడ్డున బురదలో బోర్లా పడుకునే బాపతు. ఇంట్లోవాళ్ళు ఏనాడో ఆశ వదిలేసుకున్నారు.

"ఆయన ఫొటోలకి నల్ల రిబ్బన్ కడుతున్నామండి. గుమ్మంలోనే అది కనిపిస్తే చూడ్డానికొచ్చే పిల్లలు బెంబేలెత్తుతారని," అన్నాడు.

"పిల్లల మీద మీకు ఎంత ప్రేమండీ," అంది ఉడుం.

పోయినాయన పళ్ళ డాక్టరు. మొన్న తెల్లారి బురదమేట మీద, పిట్టల కోసం వేసుకున్న గుడారంలో తల వెనక దెబ్బతో చచ్చిపడి ఉన్నాడు. కెమెరా ఉంది, అందులో మెమొరీ కార్డు లేదు. పోలీసులు ఆయన బావమరిదిని పట్టుకున్నారు. ఆ కుర్రాడు పడవ నడుపుతాడు. పొద్దున బావని మేట మీద దింపిందీ వాడే, తర్వాత శవాన్ని చూసిందీ వాడే. ఈ సాయంత్రం కేసు రాసి కోర్టుకి తీసుకెళ్తారు. డాక్టరు భార్య స్కూల్లో టీచరు. నిన్న ఉడుం ఆఫీసుకొచ్చి ఏడవలేదు. "మా ఆయన్ని ఎవరూ తేలేరు. నా తమ్ముణ్ణి మాత్రం నాకు తెచ్చివ్వండక్కా," అంది. ఉడుం తెస్తానంది. వకీళ్ళయితే చూద్దాం అంటారు. ఉడుంకి ఆ మాట నోరు తిరగదు.

ఆవిడ గుమ్మానికెదురుగా ఉన్న పెద్ద ఫొటో ముందు నిలబడింది. రాతి మీద పిట్టపిల్ల నోరు తెరుచుకుని ఉంది. తల్లి ముక్కున చేప పట్టుకుని రెక్కలు విప్పి దిగుతోంది. పోయినేడాది దానికి పెద్ద బహుమతే వచ్చింది.

"పిల్ల ఎంత బుద్ధిగా కూర్చుందో. మా ఇంట్లో పిల్లలు ఫొటో అంటే ఒక్క క్షణం కుదురుగా ఉండి చావరు."

"ఓపిక పట్టాలండి. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా పడుకున్నాను అక్కడ."

"కాలికి దారం కట్టలేదు కదా?"

ప్రెసిడెంట్ చేతిలో సుత్తి ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. అంతే, ఇంకేం జరగలేదు. కానీ అంత మెల్లగా ఎవరూ సుత్తి పెట్టరు.

"ఎవరన్నారు?"

"పళ్ళ డాక్టరు. వాళ్ళావిడతో అన్నాడు. పిల్ల ఎగిరిపోకుండా నైలాన్ దారం కట్టి రాతి వెనక ముడేశారని, మీరు కడుతుండగా తన కెమెరాలో పడిందని, ఎగ్జిబిషన్ రోజు అందరిముందూ చూపిస్తానని."

"అన్నాడేమోనండి. మాలో మాకు ఈర్ష్యలు మామూలే. పిట్టల ఫొటోలు తీసేవాళ్ళని ఒక గదిలో పడేస్తే పిట్టలే నయమనిపిస్తుంది." నవ్వాడు. నవ్వు బాగానే ఉంది. "చూపిస్తే నేనూ చూసేవాణ్ణి. పాపం, పోయాడు."

"మొన్న తెల్లారి మీరెక్కడున్నారు?"

"ఉత్తరాన ఉప్పుమళ్ళలో. బురదమేటకి అక్కణ్ణించి కారులో అయినా ముప్పావుగంట." ఫోను తీశాడు. అడుగుతారని తెలిసి వేలికొనమీద పెట్టుకున్నట్టు ఫొటో టక్కున వచ్చింది. "ఆరూ పదికి తీశాను. వెంటనే క్లబ్ గ్రూపులో పెట్టాను. ఇన్‌స్పెక్టర్ గారూ చూశారు."

డాక్టరు ప్రాణం పోయింది ఆరుకీ ఆరున్నరకీ మధ్య అని ఆసుపత్రివాళ్ళు తేల్చారు. ఉడుం ఫొటోలోకి చూసింది. నిలవనీళ్ళలో పొడుగుముక్కు ఉల్లంకి పిట్టలు వరసగా నిలబడి ఉన్నాయి. నేలకి ఆనించి తీసిన ఫొటో, అందుకని వెనకదంతా పాలు ఒలికినట్టు కలిసిపోయింది. చెట్టూ లేదు, గట్టూ లేదు. ముందున్న పిట్ట కాలికి మాత్రం పసుపుపచ్చటి చిన్న ప్లాస్టిక్ జెండా ఉంది.

"ఇదేమిటండీ, కాలికి?"

"ఎక్కడో చలిదేశంలో సైంటిస్టులు పట్టుకుని, గుర్తుకోసం జెండా తొడిగి వదిలేశారు. రెండు వారాలైంది మన ఊరొచ్చి. అంచేత ఇది పాత ఏడాది ఫొటో అనడానికి వీల్లేదు."

"పాతదని నేననలేదే. కానీ కెమెరా గడియారం కూడా గడియారమే కదా. తిప్పితే తిరుగుతుంది."

ప్రెసిడెంట్ మొహం విప్పారింది. "గడియారం తిరుగుతుందండి, గాలి తిరగదు. పిట్టలు ఎప్పుడూ గాలికెదురుగానే నిలబడతాయి. వెనకనుంచి కొడితే ఈకలు లేచిపోయి చలేస్తుంది. ఆ ముందు వారమంతా దక్షిణపు గాలి. మొన్న తెల్లవారుజామునే ఉత్తరపు గాలి మొదలైంది. పొద్దుని వీపున పెట్టుకుని నేను పడమటికి తిరిగి పడుకున్నాను. అప్పుడు నాకు ఉత్తరం ఎటు?"

"కుడిపక్క."

"పిట్టలు ఎటు చూస్తున్నాయి?"

"కుడిపక్కకే."

"మరి," అన్నాడాయన, పిల్లాడి చేత ఎక్కం చెప్పించిన పంతులులాగా.

"కెమెరాలోంచి నేరుగా చూపించగలరా? కార్డు?"

"ఏ రోజుది ఆ రోజు కంప్యూటర్లోకి ఎక్కించి కార్డు తుడిచేస్తానండి. అలవాటు."

"మంచి అలవాటు. ఆ ఫొటో నాకూ పంపించండి. మా ఇంట్లో పెట్టుకుంటాను."

సంతోషంగా పంపించాడు. ఉడుంకి కూడా సంతోషంగానే ఉంది. గాలి సంగతి తను అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు వండి వడ్డించడానికి సిద్ధంగా ఉన్నవాణ్ణి చూస్తే ఆవిడకి ఆకలేస్తుంది.

బురదమేట దగ్గర మరిది ఎదురొచ్చాడు. ఆవిడ భర్తకి తమ్ముడు, ఈ కేసుకి ఇన్‌స్పెక్టర్. ఇంట్లో వదినా మరుదులకి మంచి స్నేహం. బయట మాత్రం ఒకళ్ళ గొంతు ఒకళ్ళు పట్టుకుంటారు. ఊళ్ళో కేసులన్నిట్లో ఎవరు ఎన్ని గెలిచారన్న లెక్క ఇద్దరికీ నోటికొచ్చు, రెండు లెక్కలూ కలవవు.

"వదినా, ఇల్లు అటుంది. దారి తప్పావేమో."

"నువ్వు తప్పుదారిలో ఉన్నావని తెలిసి వచ్చానయ్యా. మీ అన్న పంపించాడు, తీసుకురమ్మని."

"కేసు అయిపోయింది. ఇదిగో, కళ్ళారా చూసినవాడు." వెనక లైట్‌హౌస్ కాపలావాడు నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి. పొద్దున్నే నిద్ర లేపారన్న కోపం ఇంకా మొహం మీదే ఉంది. "చెప్పవయ్యా మా వదినకి."

"ఇంకెన్నిసార్లు చెప్పాలండీ. పైనుంచి చూశాను. ఇద్దరు ఆ గుడారంలోకి వెళ్ళారు. కాసేపటికి ఒకడే బయటికొచ్చి పడవెక్కి వెళ్ళిపోయాడు."

"విన్నావుగా. ఇద్దరు వెళ్ళారు, ఒకడు వచ్చాడు. రానివాడు చచ్చాడు. వచ్చినవాడు చంపాడు. ముందురోజు బావాబావమరుదులు పడవ బాడుగ దగ్గర పోట్లాడుకున్నారు కూడా. ఇంకేం కావాలి నీకు?"

"బావాబావమరుదులు పోట్లాడుకోకపోతే అనుమానించాలిగానీ. నీకొక సంగతి చెప్పనా? పిట్టలకి లెక్కలు రావు."

"మా కానిస్టేబుళ్ళకీ రావు. అయితే?"

"ఒక్కడే గుడారంలో దూరితే పిట్టలకి తెలుస్తుంది, లోపల మనిషున్నాడని. గంటలతరబడి దగ్గరికి రావు. అందుకని వీళ్ళు తోడు ఒకణ్ణి తీసుకెళ్తారు. ఇద్దరూ లోపలికి వెళ్తారు, ఒకడు అందరికీ కనబడేలా బయటికొచ్చి వెళ్ళిపోతాడు. మనిషి వెళ్ళిపోయాడు కదా అని పిట్టలు దిగుతాయి. ఆ కుర్రాడు బావకి ఎప్పుడూ చేసే సాయమే అది. మొన్న కూడా అదే చేశాడు."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "వాడి అక్క చెప్పిందా? తమ్ముడి కోసం ఆవిడ ఆకాశంలో చందమామ కూడా రెండున్నాయంటుంది."

"సరే, నువ్వే చూడు. నాతో గుడారందాకా రా. లోపలికొచ్చి, బయటికెళ్ళి, లైట్‌హౌస్ మెట్ల మీద కూర్చో. పిట్టలు రాకపోతే నేను నోరు మూసుకుని ఇంటికెళ్ళి వంట చేస్తాను."

"నీ వంటా? మా అన్నకి శిక్ష నేను వెయ్యలేను వదినా." అని, చెప్పులు చేత్తో పట్టుకున్నాడు.

హైడ్ అంటారు ఆ గుడారాన్ని. బురదరంగు గుడ్డ, ఒక మనిషి కూర్చునేంత చోటు, నాలుగు పక్కలా లెన్సు పెట్టడానికి చిన్న కిటికీలు. పోలీసులు చూడాల్సింది చూసి అలాగే వదిలేశారు. స్టూలు ఒరిగి ఉంది. ట్రైపాడ్ కాళ్ళు గుచ్చిన గుంటలు ముందు కిటికీ దగ్గర ఇంకా ఉన్నాయి. వెనక జిప్పు దగ్గర ఉడుం ఆగింది. వేలితో తడిమింది. జిప్పు పిడి లోపలివైపు మాత్రమే ఉంది.

"బయటనుంచి తెరవడానికి లేదు. ఆయనే తీశాడు. తెలిసినవాళ్ళకే తీస్తాడు."

"బావమరిది కంటే తెలిసినవాడు ఎవడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, వంగలేక వంగుతూ.

"అందుకే కదా నిన్ను బయటికి పొమ్మంటున్నా. వెళ్ళు. చేతులూపుకుంటూ, బాగా కనబడేలా వెళ్ళు. నీ శరీరానికి కనబడటం పెద్ద కష్టం కాదులే."

అతను వెళ్ళాడు. ఉడుం స్టూలు సరిచేసుకుని, టీచరమ్మ ఇచ్చిన డాక్టరుగారి బైనాక్యులర్ ఒళ్ళో పెట్టుకుంది. ఫోను చప్పుడు రాకుండా నొక్కేసింది. బయట ఖాళీ బురద, దూరంగా నీళ్ళు. కాసేపు ఏమీ లేదు. పిట్టలకి లెక్కలు నేర్పిన మహానుభావుడు ఎవడైనా ఉన్నాడా అనుకుంది. అంతలో ఒకటి దిగింది. దాని వెనక రెండు. ఆ తర్వాత చూస్తుండగానే బురదంతా పిట్టలే. ముక్కుల్తో పొడుచుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, గుడారానికి చెయ్యి చాస్తే అందేంత దగ్గరికొచ్చేశాయి.

ఫోను వణికింది. మరిది.

"వచ్చాయి," అన్నాడు. ఆ మాట చెప్పడానికి అతనికి పన్ను పీకించుకున్నంత బాధ అయిందని గొంతులో తెలుస్తోంది.

"చిన్నగా మాట్లాడు. కాపలాయన పక్కనున్నాడా? స్పీకర్లో పెట్టు." ఉడుం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏమయ్యా, మొన్న ఆ రెండోవాడు పడవెక్కి వెళ్ళిపోయాక పిట్టలు ఇలాగే దిగాయా?"

"దిగాయండి."

"తర్వాత మళ్ళీ లేచాయా?"

"లేచాయండి. ఒక్కసారిగా అన్నీ. లేచి అవతలి ఒడ్డుకి పోయాయి, ఇంక రాలేదు."

"ఈ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి చెప్పలేదేం?"

"పిట్టలు లేస్తాయి, దిగుతాయి. అదేమన్నా వార్తా అండీ?"

ఇన్‌స్పెక్టర్ మధ్యలోకొచ్చాడు. "డేగ వచ్చి ఉంటుంది. దాన్ని చూసి లేచుంటాయి."

"డేగ వస్తే లేస్తాయి, అది పోగానే మళ్ళీ ఇక్కడే దిగుతాయి. మేత ఇక్కడుంది కాబట్టి. ఇవి రానే లేదు అంటున్నాడు. అంటే మనిషి వచ్చాడు, ఉన్నాడు. నీ కుర్రాడు వెళ్ళిపోయాక, మూడోవాడు, వెనక మడచెట్ల చాటునుంచి వచ్చాడు. అటునుంచి వస్తే లైట్‌హౌస్‌కి కనబడడు. పిట్టలకి కనబడతాడు."

మరిది మొండివాడేగానీ మొద్దు కాదు. ఆ సంగతి ఉడుంకి తెలుసు, అతనికి మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

"సరే," అన్నాడు చివరికి. "ఇంకా కేసు రాయలేదు కాబట్టి సరిపోయింది. ఊరు విడిచి పోడని ఎవరైనా పెద్దమనిషి వచ్చి సంతకం పెడితే పంపించేస్తాను. స్టేషన్‌కి చెప్తా. అక్కగారి సంతకం చెల్లదు, సొంతమనిషి కదా."

"బంగారుకొండ మరిది."

"పిట్టలు వింటున్నాయి, మర్యాద."

ఉడుం వెంటనే టీచరమ్మకి ఫోన్ చేసింది. "పేరున్నవాళ్ళని ఎవరినైనా స్టేషన్‌కి పంపించు తల్లీ. ఒక్క సంతకం. తమ్ముడు మధ్యాహ్నం భోజనానికి నీ ఇంట్లో ఉంటాడు." అటునుంచి ముక్కు ఎగపీల్చిన చప్పుడు వచ్చింది. నిన్న రాని ఏడుపు ఇవాళ వచ్చింది. ఉడుం కళ్ళజోడు తీసి తుడుచుకుంది, అద్దాలకి ఏమీ అంటకపోయినా.

ఆవిడ అక్కడే కూర్చుంది. కుర్రాణ్ణి విడిపిస్తే సగం పనే అయింది. అసలువాడు దొరక్కపోతే రేపు మళ్ళీ వాణ్ణే పట్టుకుంటారు. ఉప్పుమళ్ళ ఫొటో దారికడ్డంగా బండరాయిలా ఉంది. గడియారం తిరుగుతుంది సరే, గాలి మాట నిజమే. ఎదురుగా ఉన్న పిట్టలన్నీ బారులు తీరి ఒకేవైపు, ఇవాళ్టి గాలికి ఎదురుగానే నిలబడి ఉన్నాయి. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం వెతకబోతే నిజం దొరుకుతోంది. అది ఉడుంకి నచ్చలేదు.

చాలాసేపే గడిచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. నీళ్ళు ఇంకా వెనక్కి తీశాయి. అప్పుడు దూరంగా, పొడుచుకుంటూ వస్తున్న గుంపులో పసుపుపచ్చగా ఏదో మెరిసింది. ఉడుం బైనాక్యులర్ ఎత్తింది.

అదే పిట్ట. జెండా తొడుక్కుని, పెళ్ళివారి ముందు నడిచే బాజావాడిలా దర్జాగా వస్తోంది. చూసి ముచ్చటపడింది. ఆ తర్వాత ముచ్చట ఆగిపోయింది. ఆవిడ బైనాక్యులర్ దించింది, ఫోను తీసి ప్రెసిడెంట్ పంపిన ఫొటో చూసింది, మళ్ళీ బైనాక్యులర్ ఎత్తింది. ఎదురుగా వస్తున్నవాళ్ళ కుడిఎడమలు మనకి తారుమారుగా కనబడతాయని, స్టూలు మీదే వెనక్కి తిరిగి, పిట్ట ఎటు నడుస్తోందో తనూ అటే మొహం పెట్టి, భుజం మీంచి చూసింది. తన కుడిచెయ్యి ఎత్తింది. పిట్టకి జెండా కుడికాలికి ఉంది.

ఫొటోలో ఎడమకాలికి ఉంది.

"మరిదీ," అంది ఫోన్లో. ఈసారి గొంతు తగ్గించలేదు. పిట్టలన్నీ ఝుమ్మని లేచిపోయాయి. "పరిగెత్తుకురా."

ఇన్‌స్పెక్టర్ రొప్పుతూ వచ్చి ఫొటో చూశాడు, తల గోక్కున్నాడు. "రెండు పిట్టలుంటాయి వదినా. ఒకదానికి కుడికాలికి, ఒకదానికి ఎడమకాలికి."

"ఉండొచ్చు. తెలిసినవాళ్ళని అడుగుదాం." టీచరమ్మకి కలిపి స్పీకర్లో పెట్టింది. "తల్లీ, పసుపు జెండా పిట్టలు ఈ ఊళ్ళో ఎన్ని?"

"ఒక్కటే అక్కా." ఆ గొంతులో తేట వచ్చింది, మబ్బు విడిచినట్టు. "ఆయన ఆ సైంటిస్టులకి రాసి కనుక్కున్నారు. వాళ్ళు కుడికాలికే తొడుగుతారట, ఎడమకాలికి తొడగరట. రెండు వారాలుగా మా ఇంట్లో వేరే మాట లేదు. అన్నం దగ్గరా అదే, పడుకునే ముందూ అదే. విసుక్కునేదాన్ని కూడా. ఎందుకడుగుతున్నారు?"

"ఉండమ్మా, లైన్లోనే ఉండు." ఉడుం ఆవిడకి వినబడకుండా ఫోను అరచేత్తో మూసి మరిది వైపు తిరిగింది. "అద్దంలో చూసుకుంటే కుడిచెయ్యి ఎడమచెయ్యి అవుతుంది కదా. ఈ ఫొటోని అలా తిప్పేశాడు. ఆ ముందు వారంలో, దక్షిణపు గాలిలో తీసుకున్న ఫొటో ఇది. అసలు ఫొటోలో పిట్టలు ఎడమవైపు చూస్తున్నాయి. అదే పెడితే క్లబ్బులో ఎవడో ఒకడు, గాలి ఉత్తరం కదా, పిట్టలు దక్షిణం చూస్తున్నాయేమిటని అడుగుతాడు. అదొక్కటే ఆయన భయం. ఏమీ తెలియనివాడైతే ఉన్న ఫొటో ఉన్నట్టు పెట్టేవాడు, మనమూ గాలి సంగతి తెలియక నోరు మూసుకునేవాళ్ళం. పిట్టల గురించి అంత తెలిసినవాడు కాబట్టే ఈ తప్పు చేశాడు. గాలి సరిచేశాడు, కాలు మర్చిపోయాడు."

ఇన్‌స్పెక్టర్ ఫొటో పెద్దది చేసి చూశాడు. చిన్నది చేసి చూశాడు. "ఊరందరికీ చూపు సరిచేసేవాడు," అన్నాడు మెల్లగా.

"ఉప్పుమళ్ళు ఎంత దూరమైనా సరే, మొన్న తెల్లారి ఆయన అక్కడ లేడు. దారం కట్టిన సంగతి బయటపడితే ప్రెసిడెంటూ లేదు, బహుమతీ లేదు, ఊళ్ళో మొహం చూపించుకునే దారీ లేదు. చంపడానికి అది చాలు. డాక్టరు తెలిసినవాడే కదా అని జిప్పు తీశాడు."

ఉడుం ఫోను మీంచి చెయ్యి తీసింది. మడచెట్ల అవతల కాలువలో ఎక్కడో మోటారు పడవ చప్పుడు వినబడుతోంది. ఉడుంకి ఒళ్ళు తేలికైంది. ఇలాంటి క్షణాల కోసమే ఆవిడ బతుకుతుంది, అందులో దాపరికం లేదు. మరిది ఓడిపోయినట్టు కూడా కనబడలేదు, సాటి వేటగాడిలా కనబడ్డాడు. తన ఫోను తీసి స్టేషన్‌కి కలిపాడు.

"నేనే. ఇద్దరిని తీసుకుని ఎగ్జిబిషన్ హాలుకి వెళ్ళండి. క్లబ్ ప్రెసిడెంట్‌ని పట్టుకుని..."

"ప్రెసిడెంట్ అన్నయ్యగారినా?" అంది టీచరమ్మ ఉడుం ఫోన్లోంచి. "ఆయన హాల్లో లేరు కదక్కా. తమ్ముడితో ఉన్నారు."

ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గర ఫోను అలాగే ఉండిపోయింది.

"ఎవరితో?" అంది ఉడుం.

"మా తమ్ముడితో. ఆయనే కదా వచ్చి సంతకం పెట్టింది. మీరు పేరున్నవాళ్ళని పంపమన్నారు. ఇద్దరు ముగ్గురిని అడిగాను, పోలీసు గొడవ మాకెందుకన్నారు. ఆ దారం గొడవున్నా పెద్దమనిషే కదా అని ఆఖరికి ఆయనకి చేశాను. మొదట ఎగ్జిబిషన్ పనుంది, కుదరదన్నారు. వాడు ఏ పాపం ఎరగడని ఆయనకి నమ్మకం కలగాలని ఉన్న మాట చెప్పానక్కా. మొన్న బావని దింపి వస్తుంటే వాడు మడచెట్ల వెనక ఇంకో పడవ చూశాడట. అప్పటికింకా మసకచీకటి, మళ్ళీ చూస్తే గుర్తుపడతానన్నాడు. నిన్న మీ దగ్గర్నుంచి వెళ్ళాక స్టేషన్‌కి క్యారేజీ తీసుకెళ్ళినప్పుడు నాతో అన్నాడు, పోలీసులు నమ్మరని వాళ్ళకి చెప్పలేదట. ఆ మాట చెప్పగానే ఆయన వెంటనే బయల్దేరి వచ్చేశారు."

"ఇప్పుడెక్కడున్నారు వాళ్ళు?" ఉడుం అప్పటికే హైడ్‌లోంచి బయటికొచ్చేసింది. బురదలో మోకాళ్ళదాకా దిగబడింది.

"ఆ పడవ చూసిన చోటు చూపించమన్నారట, వాడు స్టేషన్ ఫోన్లోంచి చెప్పాడు. మనమే కనిపెట్టి పోలీసులకి చెబుదాం అన్నారట. ఆయన పడవలోనే వెళ్ళారు. స్టేషన్ పక్కనే కదా జెట్టీ. గంట దాటింది." టీచరు కదా, ఎదుటివాళ్ళ మౌనాన్ని చదవడం వచ్చు. "అక్కా, నేనేమైనా తప్పు చేశానా?"

పేరున్న పెద్దమనిషి కావాలని అడిగింది ఎవరో ఆవిడకి బాగా తెలుసు. "నువ్వేం చెయ్యలేదు తల్లీ. ఆయనకి ఫోన్ చెయ్యకు. ఎవరికీ చెయ్యకు. నేను నీ తమ్ముడి దగ్గరికే వెళ్తున్నాను," అంది. నిన్న ఇచ్చిన మాటే మళ్ళీ ఇచ్చింది గానీ, ఈసారి చెప్పడానికి ఊపిరి చాలలేదు.

ఇన్‌స్పెక్టర్ చెప్పులు బురదలో పారేసి మడచెట్ల వైపు పరిగెడుతూ ఫోన్లో పడవ పంపమని అరుస్తున్నాడు. ఉడుం చీర కుచ్చిళ్ళు పైకి దోపి అతని వెనకపడింది. కాళ్ళు దిగబడుతున్నాయి, పీకితే రావడం లేదు. మోటారు చప్పుడు వినబడుతున్నంతసేపూ పరవాలేదు, పడవ ఇంకా కదులుతోంది, వాడు ఇంకా చోటు చూపిస్తూనే ఉన్నాడు అనుకుంటూ, ఆ చప్పుడునే పట్టుకుని పరిగెత్తింది.

చెట్ల దాకా రాకముందే మోటారు ఆగిపోయింది.